బండి మారుట

నెల్లూరు మండలమునుండి ఒక సోదరీమణి క్రిందటి నెలలో మాకొక యుత్తరము వ్రాసినది. ఆమె యత్తగారు అరువది దాఁటిన వృద్ధురాలు. చెన్నపట్టణమున క్రోంపేటలో కాపురమున్న కూఁతురింటికి ఆమె యేఁటికి మూఁడు నాలుగు మాఱులు పోయి వచ్చుచుండును. నెల్లూరినుండి సెంట్రలు స్టేషను వఱకు ఎక్స్‌ప్రెస్సు బండి. అక్కడ దిగి, పెట్టెయు సంచులును మోసికొని, ఎదుటనున్న పార్కు స్టేషనునకు నడచి, తాంబరము పోవు లోకలు బండి యెక్కవలెను. “నెల్లూరినుండి మూఁడు గంటల ప్రయాణము మా యత్తగారికి లెక్కలేదు. నడుమనున్న ఆ పావుగంటయే ఆమెకు భయము. ఇంతకుముందు ఎవరో యొకరము వెంట పోయెడివారము. ఈ మాఱు ఆమె ఒంటరిగా పోవలసి వచ్చినది. ఏమి చెప్పి పంపుదును?” అని యామె ప్రశ్న.

ఈ శీర్షికలో మేము సాధారణముగా ఇంటిలోపలి విషయములనే ముచ్చటించుచుందుము. రైలుబండ్ల గొడవ వీరికేల యని యొకరిద్దఱు మగవారు నవ్వవచ్చును. కాని ఇల్లు కదలినప్పుడు దానితోకూడ కదలునది ఆఁడుది గదా! మగవాఁడు చేతిసంచితో దిగి గబగబ నడచిపోవును. చంకలో బిడ్డ, భుజమున సంచి, చేతిలో నీళ్లసీసా, వెనుక కొంగు పట్టుకొని మఱియొక బిడ్డ — ఈ సరంజామాతో బండి మారువారి లెక్క వేఱు. టైముటేబిలులో మొదటి బండి వచ్చు నిమిషము ఉండును, రెండవ బండి పోవు నిమిషము ఉండును. ఆ రెంటినడుమ మెట్లు ఎక్కి దిగు మనిషి మాత్రము అందులో కనఁబడదు.

ఒకే పట్టణమున, కూఁతవేటు దూరములో, ఇన్ని స్టేషనులు ఏల యుండవలెనని ఆ యత్తగారికి సందేహమఁట. సమంజసమైన సందేహమే. చెన్నపట్టణమునకు మొట్టమొదటి రైలుస్టేషను రాయపురము. అక్కడినుండి 1856 జూలై 1వ తేదీన వాలాజారోడ్డునకు దక్షిణదేశపు మొదటి బండి నడచెను. తరువాత 1873లో సెంట్రలు స్టేషను వెలసినది. మన తెలుగుదేశమునుండి పోవు బండ్లు చేరుచోటు అదియే యైనది. దక్షిణమున తంజావూరు, మధుర, రామేశ్వరములకు పోవు బండ్లు వేఱొక కంపెనీవి. ఆ కంపెనీ 1908లో ఎగ్మూరు స్టేషనును తెఱచినది. సెంట్రలుకును ఎగ్మూరుకును నడుమ దూరము మైలుకు కొంచెము ఎక్కువ. అయినను ఇక్కడి బండి అక్కడికి పోవుటకు వీలులేదు. ఏలయనఁగా సెంట్రలుకు వచ్చునది బ్రాడుగేజి, పట్టాల నడుమ అయిదడుగుల ఆఱంగుళముల వెడల్పు. ఎగ్మూరుది మీటరుగేజి, మూఁడడుగుల మూఁడంగుళములకు కొంచెము ఎక్కువ. కంపెనీలు రెండు, పట్టాలు రెండు కొలతలు, స్టేషనులు రెండు. ఆ రెంటిని కలుపు బరువు ప్రయాణికుల నెత్తిమీఁద పడినది.

ఆ బరువు ఎట్టిదో తెలియవలెనన్నచో కాశీరామేశ్వర యాత్ర చేసిన ముత్తవ్వలను అడుగవలెను. మా యింట నొక మేనత్త ఉండెడిది. కాశికి పోయి గంగ తెచ్చి రామేశ్వరస్వామికి అభిషేకము చేయించుట ఆమె జీవితమునకంతకును ఒక్కటే కోరిక. 1940 ప్రాంతమున ఆ యాత్ర నెఱవేఱినది. రామేశ్వరములోని గుడిని గూర్చి ఆమె మాకు చెప్పినది తక్కువ. సెంట్రలునుండి ఎగ్మూరునకు పోయిన పోకను గూర్చి చెప్పినదే యెక్కువ. గంగచెంబులు రెండు. క్రింద పెట్టరాదు, పరుల చేతికి ఈయరాదు. మడిసంచి యొకటి, ఎండుగడ్డి చుట్టిన దేవుని పెట్టె యొకటి. జట్కావాఁడు అణాలు హెచ్చుగా అడిగెనని మామయ్య వానితో తగవులాడుచుండఁగా, అత్త చెంబులు రెండుచేతులఁ బట్టుకొని ఎండలో నిలుచుండెనఁట. “కాశినుండి ఇంతదూరము తొణకని గంగ ఆ మైలులో తొణకినది” అని ఆమె అనుచుండెడిది. ఆ మాట చెప్పునప్పుడెల్ల ఆమె కుడిచేయి చెంబు పట్టుకొన్నట్లే ముడుచుకొనుచుండెను.

జట్కా యేల, లోకలు బండి లేదా యని మీరడుగవచ్చును. కలదు. సముద్రపుటొడ్డుననున్న బీచి స్టేషనునుండి తాంబరము వఱకు, సుమారు 30 కిలోమీటర్లు, 1931 మే నెల 11వ తేదీ మొదలుకొని కరెంటు బండ్లు నడచుచున్నవి. బీచి, ఫోర్టు, పార్కు, ఎగ్మూరు — ఇదియే వరుస. అనఁగా సెంట్రలు ఎదుటి పార్కు స్టేషనులో నెక్కినచో తరువాతి స్టేషనే ఎగ్మూరు. కాని లోకలు బండి ఒక్కొక్క స్టేషనులో అరనిమిషము నిలుచుటయే గొప్ప. అంతలో ఎక్కఁగలిగినవారికే అది యనుకూలము. పెట్టెలు, బిందెలు, పిల్లలు, గంగచెంబులు గలవారికి జట్కాయే గతి యయ్యెను.

ఆ రెండు కంపెనీలు 1951లో దక్షిణరైల్వేలో కలిసిపోయినవి. పట్టాలు కలియుటకు ఇంకను ఏఁబదియేండ్లు పట్టినది. బీచి తాంబరముల నడుమ మీటరుగేజి లోకలు బండి చివరిసారిగా నడచినది 2004 జూలై నెలలో. ఇప్పుడు అంతటను బ్రాడుగేజియే. కాఁబట్టి ఉత్తరమునుండి వచ్చు బండి ఎగ్మూరుమీఁదుగా తాంబరము వఱకును పోఁగలదు, పోవుచున్నవి కూడ. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుఁడు. మన నెల్లూరి యత్తగారి చిక్కునకు విడుపు ఇందులోనే యున్నది.

అయినను బండి మారుట తప్పినదా? తప్పలేదు సరిగదా, మారుచోట్లు పెరిగినవి. సెంట్రలు ప్రధాన భవనమునకు ప్రక్కన, పూర్వము మూరు మార్కెట్టు ఉండి 1985లో తగులఁబడిపోయిన స్థలములో, గుమ్మిడిపూండి, సూళ్లూరుపేట, అరక్కోణము వైపు పోవు లోకలు బండ్లకు వేఱు స్టేషను కట్టిరి. రోడ్డునకు ఆవల పార్కు. పార్కు ప్రక్కన పార్కుటౌను. ఇది వంతెనలమీఁద మైలాపూరు మీఁదుగా వేళచేరికి పోవు బండ్లది. ఆ బండ్లు 1995లో చేపాకము వఱకు ప్రారంభమై 2007లో వేళచేరి వఱకు సాగినవి. వీనియన్నిటి క్రింద, భూమిలోపల, 2018లో తెఱచిన మెట్రో స్టేషను. అక్కడ మెట్రో దారులు రెండు కలియును. రాతికట్టడము, రోడ్డు, ఆసుపత్రి, నాలుగు విధముల బండ్లు — క్రొత్తగా వచ్చినవారికి కన్ను తిరుగును.

ఒక మేలు జరిగినది. మెట్రో కొఱకు త్రవ్విన సొరంగపు దారులు సెంట్రలును, పార్కును, పెద్దాసుపత్రి వైపును కలుపుచున్నవి. ఎండవానలు లేక, బస్సుల నడుమ ప్రాణములు అరచేతఁ బట్టుకొని రోడ్డు దాఁటక, నడచిపోవచ్చును. మెట్రో భాగములో లిఫ్టులును నడచు మెట్లును కలవు. మోకాళ్లనొప్పులవారు కొంచెము చుట్టైనను ఆ దారినే పోవుట మంచిది. అయితే ఆ దారులలో నాలుగువైపులకు ద్వారములుండును. పైకి వచ్చినతరువాత గాని ఏవైపున తేలితిమో తెలియదు. ఎక్కుటకు ముందే పలకమీఁది పేరు చదువవలెను, లేదా అక్కడి కావలివానిని అడుగవలెను. అడుగుటకు సిగ్గుపడినవారు మఱల అన్ని మెట్లును దిగవలసివచ్చును.

మేము దిగితిమి గనుక వ్రాయుచున్నాము. రెండేండ్ల క్రిందట నొక ఆదివారము మేము మాంబళములో బంధువుల యింటనుండఁగా, గూడూరులో మా పినతల్లికి జబ్బు హెచ్చుగా నున్నదని ఫోను వచ్చెను. మధ్యాహ్నపు బండికి సెంట్రలునుండి చోటు దొరకినది. మాంబళమునుండి పార్కునకు పదునేను నిమిషములు చాలును, లోకలు బండ్లు వెంట వెంట వచ్చుచునే యుండునని ధీమాగా భోజనము చేసి బయలుదేరితిమి. ఆదివారము లోకలు బండ్లు తక్కువగా నడచునని తెలిసియు ఆ తొందరలో తోఁచలేదు. ప్లాటుఫారముమీఁద ఇరువదియైదు నిమిషములు నిలుచుంటిమి. పార్కులో దిగి సొరంగములో పరుగెత్తి, చదువక మెట్లెక్కి, ఆసుపత్రి వైపున తేలితిమి. మరల దిగి, మరల ఎక్కి, సెంట్రలు ప్లాటుఫారము చేరునప్పటికి మా బండి చివరి పెట్టెయొక్క ఎఱ్ఱదీపము కదలిపోవుచున్నది. సాయంకాలపు బండిలో నిలుచుండి పోయి గూడూరు చేరునప్పటికి రాత్రి పదిగంటలు. మధ్యాహ్నము మూఁడు గంటల వఱకును పిన్ని మా పేరెత్తి అడుగుచుండెనఁట. మేము పోవునప్పటికి మాట పడిపోయినది. చేయి పట్టుకొన్నచో గుర్తుపట్టినదో లేదో కూడ తెలియలేదు.

ఇందులో తప్పు మాది. గంట ముందుగా బయలుదేరవలసినది. అప్పటినుండి మేము మాకొక నియమము పెట్టుకొన్నాము. లోకలు దిగి దూరపు బండి యెక్కవలసినప్పుడు లోకలు చేరు వేళకును ఆ బండి పోవు వేళకును నడుమ ఒక గంటకు తక్కువ ఉండరాదు. ఆదివారమును పండుగ దినములును అయినచో గంటన్నర. ప్లాటుఫారముమీఁద ఊరక కూర్చుండుట సోమరితన మనుకొనువారు అనుకొందురు గాక. ఒక పత్రిక చేతనుంచుకొనిన సరిపోవును!

ఇక టిక్కెట్టు సంగతి. రెండు దూరపు బండ్లలో రిజర్వేషను చేసికొని ఒకటి దిగి మఱియొకటి ఎక్కువారికి 2019 ఏప్రిలు 1వ తేదీనుండి ఒక సదుపాయము కలదు. పేర్లు మొదలగు వివరములు రెంటిలో ఒకటిగా నున్నచో ఆ రెండు టిక్కెట్ల పి.ఎన్.ఆర్. సంఖ్యలను జతపఱుపవచ్చును. మొదటి బండి ఆలస్యమగుటచే రెండవది తప్పిపోయినచో, మొదటిది చేరిన మూఁడు గంటలలోపల అడిగినవారికి, ప్రయాణము చేయని భాగపు సొమ్మును రద్దు రుసుము పట్టుకొనకుండ తిరిగి ఇత్తురు. ఇది యెఱుఁగక చాలమంది ఊరకుందురు. జతపఱుచుట టిక్కెట్టు కొనునప్పుడే గాని తరువాతనే గాని చేసికొని యుండవలెను. బండి తప్పినతరువాత లాభము లేదు. కాని లోకలు బండి ఆలస్యమై ఎక్స్‌ప్రెస్సు తప్పినవారికి ఈ సదుపాయము వర్తింపదు. లోకలు టిక్కెట్టునకు పేరుండదు, సంఖ్య యుండదు. మన యాఁడువారిలో నూటికి తొంబదిమంది తప్పించుకొను బండ్లు ఈ రెండవ విధముగానే తప్పునని మా యనుమానము.

చెన్నపట్టణమున 2025 సెప్టెంబరులో చెన్నై ఒన్ అను పేర నొక సెల్‌ఫోను సదుపాయము తెచ్చిరి. బస్సునకు, మెట్రోకు, లోకలు బండికి ఒక్కచోటనే టిక్కెట్టు తీసికొనవచ్చును. మూఁడు కిటికీలయొద్ద మూఁడు వరుసలలో నిలుచు బాధ తప్పును. అయితే అత్తగారికి దీనిని నేర్పుట కోడలి పని.

బండ్లు కలియుచోటు మూఁతపడినచో ఏమగునో చెన్నపట్టణపు వారికి 2023లో తెలిసినది. బీచికిని ఎగ్మూరుకును నడుమ నాలుగవ పట్టాదారి వేయుటకై ఆ సంవత్సరము ఆగస్టు కడపటినుండి వేళచేరి బండ్లను చింతాద్రిపేటలోనే నిలిపివేసిరి. పార్కుటౌను, ఫోర్టు, బీచిలకు అవి పోవుట మానినవి. మరల 2024 అక్టోబరు కడపటనే నడచినవి. పదునాలుగు నెలలు! మైలాపూరు, తిరువాన్మియూరు వైపునుండి పెద్దాసుపత్రికి వచ్చువారును, సెంట్రలులో బండి పట్టుకొనువారును చింతాద్రిపేటలో దిగి బస్సో ఆటోయో చూచుకొనవలసివచ్చెను. పట్టాలు వేయవలదని మేమనము. నాలుగవ దారి అవసరమే. మ్యాపుమీఁద చూచినచో రెండు స్టేషనుల కొఱత మాత్రమే. రోగిని నడిపించుకొని పోవు తల్లికి అది ఎన్ని అడుగులో ఆ మ్యాపులో వ్రాయలేదు.

ఆఁడువారి పెట్టెను గూర్చి కూడ ఒక మాట. 1890 నాఁటి రైల్వేచట్టములోనే ప్రతి ప్రయాణికుల బండిలోను స్త్రీలకు ప్రత్యేకముగా నొక గది యుంచవలెనని నిర్ణయింపఁబడినది. ఇప్పటి 1989 చట్టములోని 58వ సెక్షను కూడ స్త్రీలకు గదిగాని, కొన్ని సీట్లుగాని, బెర్తులుగాని కేటాయింపవలెనని చెప్పుచున్నది; మగవారు అందులో చొరఁబడుట 162వ సెక్షను ప్రకారము నేరము. లోకలు బండిలో ఆ పెట్టె ఎక్కడ వచ్చునో ముందుగా తెలిసికొని ప్లాటుఫారముమీఁద అక్కడనే నిలువవలెను. బండి వచ్చినతరువాత వెదకుచు పరుగెత్తినచో అరనిమిషము అయిపోవును. ప్రతిదినము పోవు ఉద్యోగినులకు ఆ స్థలము బాగుగా తెలియును; వారు నిలుచుచోట నిలుచున్నచో సరిపోవును. పొద్దుపోయినతరువాత మాత్రము ఆ పెట్టె ఖాళీగానున్నచో ఒంటరిగా ఎక్కక, నలుగురున్న పెట్టెలో నెక్కుటయే మేలని మా యభిప్రాయము. ఆపద వచ్చినచో 139 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

హైదరాబాదు సోదరీమణులు తమ మాట మఱచితిమని కోపగింతురేమో. అక్కడ లోకలు బండ్లు ఎం.ఎం.టి.ఎస్. అను పేర 2003 ఆగస్టులో ప్రారంభమైనవి. మెట్రో 2017 నవంబరులో వచ్చినది. సికింద్రాబాదు, బేగంపేట, ఖైరతాబాదు, భరత్‌నగరము, మలకపేటలలో రెండు స్టేషనులును ఒకదానికొకటి సమీపముననే యున్నవి. కాని 2025 జనవరి 6వ తేదీన ప్రారంభించిన చర్లపల్లి టెర్మినలునకు మెట్రో లేదు. కొన్ని దూరపు బండ్లు ఇప్పుడు సికింద్రాబాదునకు బదులు అక్కడినుండి బయలుదేరుచున్నవి. ఎప్పటి యలవాటుచొప్పున సికింద్రాబాదునకు పోయి నిలుచున్నవారి బండి చర్లపల్లినుండి వెళ్లిపోవును. కాఁబట్టి టిక్కెట్టు చేతికి రాఁగానే బండి పేరుకంటె ముందు స్టేషను పేరు చదువుఁడు.

ఇప్పుడు నెల్లూరి కోడలి ప్రశ్నకు వత్తము. అమ్మా, మీ యత్తగారిని సెంట్రలునకు పంపవలదు. హైదరాబాదునుండి తాంబరము పోవు చార్మినారు ఎక్స్‌ప్రెస్సు నెల్లూరుమీఁదుగానే పోవును. అట్టి బండిలో తాంబరమునకు టిక్కెట్టు తీయుఁడు. ఎగ్మూరు వచ్చినప్పుడు బండిలోని వారందఱు లేచి సామానులు దింపుచుందురు. ఆమె తొందరపడి దిగకుండ రెండుమాఱులు చెప్పి పంపుఁడు. తాంబరములో దిగినచో, ఆ స్టేషను గేటు దాఁటనక్కఱలేదు, పెద్దరోడ్డును దాఁటనక్కఱలేదు. అక్కడనే బీచి వైపు పోవు లోకలు బండి యెక్కినచో మొదటిది శానటోరియము, రెండవది క్రోంపేట. ఆ రెండు స్టేషనులకు లోకలు టిక్కెట్టు వేఱుగా కావలెను. కూఁతురు ముందుగా వచ్చి తీసియుంచినచో ఇంకను సుఖము. ప్రొద్దున ఆఫీసువేళ పట్టణము లోపలికి పోవు బండ్లు క్రిక్కిఱిసియుండును, కాఁబట్టి ఆ వేళ తాంబరములోనే బయలుదేరు బండికై ఒక అరగంట కనిపెట్టుకొనియుండి కూర్చుండి పోవలెను. తిరుగు ప్రయాణమును ఇదే దారిని చేయవచ్చును. స్టేషనులలో పనులు జరుగునప్పుడు బండ్ల గమ్యములు మార్చుచుందురు గనుక ప్రయాణమునకు ముందునాఁడు మఱల ఒకమాఱు విచారించుఁడు.

ఉత్తరము చివర మీరు వ్రాసిన రెండవ ప్రశ్న: అత్తగారు ఆవకాయ జాడీ తీసికొనిపోయెదనని పట్టుపట్టుచున్నదని. జాడీ వలదు. మూత బిగియు స్టీలుడబ్బాలో పెట్టి, మూతక్రింద నూనెగుడ్డ వేసి, గట్టి సంచిలో నిలువుగా నుంచి యిచ్చినచో ఆమె మాట చెల్లును. జాడీని మీ యింటనే యుంచుకొనుఁడు. కూఁతురు సంక్రాంతికి వచ్చినప్పుడు తండ్రిచేత మోయించుకొని పోవును.